బొగ్గు, సిమెంటు దుమ్ము మధ్య కారు రంగు మెరవాలంటే: పాలిష్, వ్యాక్స్ ఎలా వేసుకోవాలి

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, ఘుగూస్, రాజురా, గడ్‌చాందూర్ దిక్కు నడిచే కారును ఎండలో నిలబెట్టి, బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట చుట్టూ చూడండి. గుండ్రంగా అల్లుకున్నట్టు వందల సన్నగీతలు కనిపిస్తాయి. తెల్ల బండి మీద అంతగా తెలియవు. నలుపు, ముదురు నీలం, మెరూన్ అయితే దాచలేం. చాలామంది దీన్ని చూసి రంగు పాతబడిందని అనుకుంటారు. నిజానికి రంగు కింద భద్రంగానే ఉంటుంది, దాని పైనున్న పారదర్శక పొర గీసుకుపోయి వెలుతురును చెదరగొడుతుంది. కొత్త స్టీలు పళ్లేన్ని, ఏళ్లపాటు బూడిదతో తోమిన పళ్లేన్ని పక్కపక్కన పెడితే తేడా ఎలా ఉంటుందో ఇదీ అంతే. మన బండ్ల మీద పడేదీ చాలావరకు బూడిదే. థర్మల్ కేంద్రం బూడిద, ఓపెన్ కాస్ట్ గనుల బొగ్గు పొడి, సిమెంటు దుమ్ము, వాటిని రోడ్డంతా చల్లుకుంటూ పోయే టిప్పర్లు. పొద్దున్నే ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ కొత్త గీతలు పడతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క తెలిసి ఉండాలి. కారు రేకు మీద ప్రైమర్, దాని మీద అసలు రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు అనే ఆ పారదర్శక పొర ఉంటాయి. మొత్తం కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. మనం రాసుకునే మామూలు కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే మెరుపంతా కాగితంలో సగం మందమున్న పొర మీద ఆధారపడి ఉంది. కింది రంగును ఎండ నుంచి కాపాడేదీ ఆ పొరే. పాలిష్ అంటే ఆ పొరను పైపైన కొద్దిగా అరగదీసి, గీతల అంచులు మాయమయ్యేలా సమం చేయడం. ఒకసారి అరిగింది తిరిగి రాదు. వ్యాక్స్ దేన్నీ అరగదీయదు, గీతలనూ తీయదు. సమం చేసిన పొర మీద ఒక రక్షణ పూత వేస్తుంది, మెరుపుకు నిండుదనం తెస్తుంది. గీతలున్న బండికి ఎంత ఖరీదైన వ్యాక్స్ రాసినా, ఆ గీతలే తళతళలాడతాయి.

అందుకే పాలిష్‌ను అవసరం పడినప్పుడే చేయాలి, వ్యాక్స్ మాత్రం క్రమం తప్పకూడదు. ఈ రెండింటికన్నా కడిగే పద్ధతి ముఖ్యం. మన దిక్కు సగం బండ్లు పాడయ్యేది కడిగేటప్పుడే.

ఎప్పుడు, ఎక్కడ

చంద్రపూర్ ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో నీడలో ఉన్న రేకు కూడా వేడిగా ఉంటుంది. పాలిష్ రుద్దకముందే ఎండిపోతుంది, వ్యాక్స్ పట్టుకుని రాదు. వానాకాలంలో తేమకు ఏదీ సరిగ్గా ఆరదు. దీపావళి అయ్యాక మొదలుపెట్టి శివరాత్రి లోపు చేసుకోవడం మంచిది. పొద్దున మంచు తడి ఆరిపోయాక, రేకు మీద అరచేతి వెనక భాగం పెడితే చల్లగా తగులుతున్నప్పుడు పని మొదలుపెట్టండి.

పైకప్పు ఉన్న చోటు కావాలి. పోర్చ్ అయినా, రేకుల షెడ్ అయినా సరే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన మాత్రం వద్దు. నేల మీద ముందే నీళ్లు చల్లితే కాళ్లకింద దుమ్ము లేవదు. చెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా పనికిరాదు, పైనుంచి ఒక చిన్న పుల్ల పడి పాలిష్ రుద్దే ప్యాడ్ కిందికి పోయిందంటే కొత్త గీత పడినట్టే.

కొన్ని బండ్లకు ఈ పని చేయకూడదు. మెరుపు లేని మ్యాట్ రంగును పాలిష్ చేస్తే మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది, దాన్ని మళ్లీ మామూలుగా చేయలేం. డెంటింగ్ షాపులో కొత్తగా రంగు వేయించిన డోరు, బంపరు ఉంటే వాటి మీద వ్యాక్స్‌కు కనీసం నెల రెండు నెలలు ఆగండి, రంగులోని ద్రావకాలు బయటికి పోవాలి. క్లియర్ కోటు పెచ్చులుగా లేస్తున్న చోట పాలిష్ చేస్తే పెచ్చు ఇంకా లేస్తుంది. దానికి మళ్లీ పెయింటింగ్ తప్ప దారి లేదు.

కడగడం

రెండు బకెట్లు, చక్రాలకు ఇంకొకటి, కారు షాంపూ, మైక్రోఫైబర్ మిట్టు (చేతికి తొడుక్కుని తుడిచేది) లేదా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, ఆరబెట్టడానికి మందమైన పెద్ద టవల్ ఒకటి. ఇంతే కావాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు వద్దు. అవి పాత వ్యాక్స్‌ను కడిగేస్తాయి, రబ్బరు బీడింగులను ఎండగొడతాయి. ఒక్క సందర్భంలో మాత్రం గిన్నెల లిక్విడ్ పనికొస్తుంది. పాలిష్‌కు ముందు పాత వ్యాక్స్ మొత్తం పోవాలి కదా, ఆ ఒక్క రోజుకు షాంపూలో కొద్దిగా కలుపుకోవచ్చు.

మొదట చేయి పెట్టకండి. పైపుతో గానీ ప్రెషర్ వాషర్‌తో గానీ టాపు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు కొట్టండి. ఎంత దుమ్ము నీళ్లతోనే పోతే అంత మంచిది. బూడిద రేణువులు కంటికి పొడిలా కనిపిస్తాయి గానీ, వాటిలో ఉండేది ఎక్కువగా సిలికా, అల్యూమినా. క్లియర్ కోటు కన్నా చాలా గట్టివి. తడిపి, షాంపూ నురగ కొట్టి ఐదారు నిమిషాలు నానబెట్టి, మళ్లీ నీళ్లు కొట్టి, అప్పుడు ముట్టుకోవాలి.

సిమెంటు దుమ్ము సంగతి వేరు. దానికి కొద్దిపాటి తడి తగిలితే గట్టిపడుతుంది. గడ్‌చాందూర్, ఘుగూస్ దిక్కు చలికాలంలో రాత్రి బయట పెట్టిన బండికి మంచు కురిసి, పొద్దున్న ఎండ తగిలేసరికి పట్టేసిన తెల్లటి పొర ఇదే. దాన్ని తడిగుడ్డతో రుద్దితే రంగును గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు బాగా నీళ్లు కొట్టండి. అయినా వదలని చోట తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. రుద్దొద్దు. సిమెంటులోని సున్నాన్ని ఆమ్లం కరిగిస్తుంది. అది ఆరిపోకముందే నీళ్లతో బాగా కడిగి, ఆ చోట మళ్లీ షాంపూ వేయండి. క్రోమ్ పట్టీలకూ, రంగు వేయని అల్యూమినియానికీ ఈ నీళ్లు తగలనీయకండి. ఒకే వారంలో నాలుగైదుసార్లు కూడా చేయకండి.

ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో బకెట్లో ఉత్త నీళ్లు. ఒక డోరు తుడిచాక మిట్టును ముందు ఉత్త నీళ్లలో జాడించి, పిండి, ఆ తర్వాతే షాంపూలో ముంచండి. రెండో బకెట్ అడుగున పేరుకున్న నల్లటి మడ్డి చూస్తే, ఒక్క బకెట్‌తో కడిగితే అదంతా ఎక్కడికి పోయేదో మీకే అర్థమవుతుంది. టాపు, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం ముందు. డోర్ల కింది భాగం, వెనక బంపరు చివర్లో. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా, అడ్డంగా సూటిగా తుడవండి. చేయి బరువు వేయొద్దు.

చాలా ఊళ్లలో బోరు నీళ్లే దిక్కు. ఆ ఉప్పు నీళ్లు రేకు మీద ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి, ఎండ తగిలితే అవి క్లియర్ కోటును తినేస్తాయి కూడా. అందుకే కడిగిన వెంటనే టవల్‌ను రేకు మీద పరిచి అద్ది తీయాలి. ఇంట్లో ఆర్వో ఫిల్టరు పక్కనుంచి వదిలేసే నీళ్లను కారుకు వాడుతుంటారు కొందరు. ఆ నీళ్లలో మామూలు బోరు నీళ్లకన్నా ఉప్పు ఎక్కువ. పోర్చ్ కడుక్కోండి గానీ బండికి వద్దు.

వాటర్ సర్వీసింగ్‌లో కడిగిస్తే ఒక్కటి గమనించండి. అదే స్పాంజితో టైరు తోమి, అదే స్పాంజితో బానెట్ తోముతారు. మీ మిట్టు మీరే ఇవ్వండి. కడిగాక కుర్రాడు "అన్నా, డీజిల్ కొట్టాల్నా?" అని అడుగుతాడు. "వద్దు తమ్మీ" అనండి. డీజిల్, కిరోసిన్ పూసిన బండి ఆ సాయంత్రం దాకా మెరుస్తుంది. ఆ జిడ్డుకు మర్నాడు దారిలోని బొగ్గు పొడంతా అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బుతుంది.

వేళ్లకు తగిలే గరుకు

కడిగి ఆరబెట్టాక పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి బానెట్ మీద మెల్లగా రాయండి. కంటికి శుభ్రంగా కనిపించిన రేకు వేళ్లకు గరగరమని తగులుతుంది. అది రంగులోకి దిగిన ఇనుప రేణువులు, తారు తుంపర్లు, చెట్ల జిగురు. బల్లార్షా పెద్ద రైల్వే జంక్షన్. స్టేషను దగ్గర, రైలు పట్టాల పక్కన రోజూ నిలిపే బండ్లకు బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను మరీ ఎక్కువ. తెల్ల బండ్ల మీద సన్నటి తుప్పు చుక్కల్లా కనిపించేవి ఇవే.

ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. కొడితే ఇనుము ఉన్న చోటల్లా ఊదారంగులో కారుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, ఆరిపోకముందే కడిగేయండి. తారు చుక్కలకు టార్ రిమూవర్ ఉంది. ఆ తర్వాత క్లే బార్, అంటే రేకుకు పట్టిన గరుకును లాగేసే మెత్తటి ముద్ద. చిన్న ముద్దను చేతిలో చదును చేసి, షాంపూ నీళ్లు బాగా చల్లుకుంటూ, బరువు వేయకుండా సూటిగా జరపండి. మొదట గరగరమంటుంది, కాసేపటికి జారిపోతుంది. అప్పుడు తర్వాతి చోటికి వెళ్లండి. ముద్ద నల్లబడితే మడిచి కొత్త ముఖం తీయండి. ముద్ద నేల మీద పడితే పారేయాల్సిందే, ఎంత కడిగినా అందులో దిగిన ఇసుక పోదు.

క్లే కూడా సన్నటి గీతలు వేస్తుంది. అందుకని పాలిష్ చేసే రోజున మాత్రమే క్లే వాడండి.

పాలిష్

ముందు టార్చి వెలుతురులో రేకంతా చూడండి. లోతైన గీత కనపడితే గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయేది కాదు. దాన్ని పోగొట్టాలని అక్కడే రుద్దుతూ ఉంటే గీత కన్నా ముందు క్లియర్ కోటు పోతుంది. టచప్ రంగుతో సరిపెట్టుకోండి. నల్ల ప్లాస్టిక్ పట్టీలు, రబ్బరు బీడింగులు, బానెట్ అంచులు, డోర్ల మీది ఉబ్బెత్తు గీత, వీటన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, మిషన్ ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. రంగు కాలి ప్రైమర్ బయటపడేది ఎక్కువగా అంచుల మీదే.

మిషన్లు రెండు రకాలు. పెయింటింగ్ షాపుల్లో కనిపించే రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. అనుభవమున్న చేతిలో అద్భుతంగా పనిచేస్తుంది, లేకపోతే ఒక్క క్షణంలో రంగు కాలుస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు డ్యూయల్ యాక్షన్ పాలిషర్ సరైనది. దాని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు కదులుతుంది, వేడి ఒకే చోట పేరుకోదు. కొనలేకపోతే అద్దెకు దొరుకుతుందేమో డెకార్ షాపుల్లో అడగండి. డ్రిల్ మిషన్‌కు ఫోమ్ బిగించే చవక సామాను మాత్రం వద్దు, అదీ రోటరీ లాగే తిరుగుతుంది, పైగా చేతికి పట్టు కుదరదు.

ఏ పాలిష్, ఏ ప్యాడ్ అన్నది బండి చెప్పాలి. బానెట్ మీద అడుగున్నర చదరం చోటు ఎంచుకుని, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా సన్నటి ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టండి. గీతలు చాలావరకు పోతే బండంతా అదే చాలు. పోకపోతే మీడియం ప్యాడ్, దానితోనూ కాకపోతే కంపౌండ్, అంటే ఎక్కువగా అరగదీసే ముతక పాలిష్. చాలా షాపుల్లో మొదటే ముతక కంపౌండ్ ఎత్తుతారు. పని త్వరగా అయిపోతుంది నిజమే, కానీ మీ క్లియర్ కోటు అవసరానికి మించి పోతుంది, పైగా నల్ల బండి మీద మిషన్ తిరిగిన మబ్బు చారలు మిగులుతాయి.

ప్యాడ్ మీద శనగ గింజంత చుక్కలు మూడు నాలుగు పెట్టండి. మిషన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ను రేకు మీద అక్కడక్కడా అద్దండి, లేకపోతే చుట్టూ చిమ్ముతుంది. తక్కువ వేగంతో పరిచి, ఆరు వేగాల మిషన్ అయితే నాలుగు, ఐదుకు పెంచండి. ప్యాడ్ రేకు మీద సమంగా ఆని ఉండాలి. వంగితే ఒక అంచే అరుగుతుంది. చేయి నిదానంగా, సెకనుకు ఒకటి రెండు అంగుళాలకు మించకుండా జరగాలి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒక్కో వరుస ముందటి వరుసను సగం కప్పేలా నాలుగు నుంచి ఆరుసార్లు తిరగండి. చేతి బరువు కొద్దిగా చాలు. పాలిష్ పారదర్శకంగా మారి పల్చటి నూనె పొరలా మిగిలినప్పుడు ఆపి, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడవండి. అరచేతి వెనకతో రేకు ముట్టి చూస్తూ ఉండండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చురుక్కుమంటే ఆపి వేరే చోటికి వెళ్లండి. ప్లాస్టిక్ బంపరు మీద ఇంకా జాగ్రత్త, ప్లాస్టిక్ నుంచి వేడి త్వరగా పోదు.

ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ను మెత్తటి బ్రష్‌తో దులపండి. అరిగిన క్లియర్ కోటు, ఎండిన పాలిష్ అందులోనే పేరుకుంటాయి. రెండు మూడు ప్యానెళ్లకు ఒక ప్యాడ్ మార్చాలి, అంటే బండంతటికీ నాలుగైదు ప్యాడ్లు దగ్గర పెట్టుకోండి. పాత కార్లలో, ముఖ్యంగా క్లియర్ కోటు లేకుండా ఒకే పొర రంగు వేసిన వాటిలో, ప్యాడ్‌కు బండి రంగే అంటుకుంటుంది. కంగారు పడొద్దు, ఆ రకానికి అది సహజం. కొత్త బండిలో ప్యాడ్‌కు రంగు అంటిందంటే మాత్రం వెంటనే ఆపేయాలి.

మిషన్ లేకుండా చేత్తో కూడా చేయొచ్చు. ఫోమ్ అప్లికేటర్‌తో ఒక్కో ప్యానెల్ తీసుకుని ఓపికగా రుద్దండి. మసక పోతుంది, రంగు తేటపడుతుంది. లోతైన గుండ్రటి గీతలు మాత్రం చాలావరకు ఉంటాయి. తెల్ల, సిల్వర్ బండ్లకు ఇదే ఎక్కువ, మిషన్ దాకా పోనక్కర్లేదు.

చివరగా ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నాలుగైదు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, కొద్దిగా చల్లి తుడవండి. పాలిష్‌లోని నూనెలు గీతలను తాత్కాలికంగా దాస్తాయి. ఇది తుడిచాక కనిపించేదే నిజమైన ఫలితం. బాగుంటే ఇక అక్కడ మళ్లీ మిషన్ పెట్టకండి. ఒకటి రెండు గీతలు మిగిలినా సరే, వదిలేయండి.

వ్యాక్స్

కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ముదురు రంగుల మీద అది ఇచ్చే లోతు, తడి తడిగా కనిపించే నిగారింపు నాకు చాలా ఇష్టం. కానీ మన ఎండలకు అది ఎక్కువ రోజులు నిలవదు, కొన్ని వారాలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్, అంటే వ్యాక్స్ లాగే రాసుకునే కృత్రిమ పూత, నాలుగు నుంచి ఆరు నెలలు తట్టుకుంటుంది, దుమ్మూ తక్కువ అంటుతుంది. అందుకే ఈ జిల్లాల్లో ముందు సీలెంట్ వేసి, అది గట్టిపడ్డాక ఇష్టముంటే పండగలకు పైన కార్నౌబా వేసుకోమంటాను. తలకిందులుగా చేయకండి, వ్యాక్స్ మీద సీలెంట్ పట్టదు.

ఏదైనా సరే పల్చగా వేయాలి. తడి చేసి పిండిన ఫోమ్ మీద కొద్దిగా తీసుకుని, కనీకనిపించని పొర పరవండి. బండంతటికీ ఒకటి రెండు చెంచాలకు మించి పట్టదు. మందంగా రాస్తే ఎక్కువ మెరుపు రాదు, తుడవడానికి చేతులు నొప్పులు మాత్రం పుడతాయి. కాసేపటికి పొర మసకబారుతుంది. వేలితో ఒక గీత లాగండి. కింద తేటగా మెరిస్తే తుడవొచ్చు, అలుక్కుపోతే ఇంకాస్త ఆగాలి. మెత్తటి మైక్రోఫైబర్ ఒకదానితో తీసి, రెండో దానితో మెరుగు పెట్టండి. ముందు అద్దానికి, నల్ల ప్లాస్టిక్‌కు తగలనీయకండి, ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు పడతాయి. ఆ రాత్రి బండి కప్పు కిందే ఉండాలి, సీలెంట్ గట్టిపడేదాకా మంచు తగలకూడదు. రెండో పూత వేయాలనుకుంటే డబ్బా మీద రాసినంత సమయం ఆగి వేయండి.

తర్వాతి రోజులు

పూత ఉందో లేదో నీళ్లే చెబుతాయి. నీళ్లు గుండ్రటి చుక్కలై జారిపోతుంటే ఉంది. దుప్పటిలా పరుచుకుని నిలిచిపోతుంటే, కడిగాక కూడా అలాగే ఉంటే, మళ్లీ వ్యాక్స్ వేయండి. దీపావళి అయ్యాక ఒకసారి, ఎండలు ముదరకముందు శివరాత్రి లోపు ఒకసారి వేసుకోండి. పాలిష్ మాత్రం రెండు మూడేళ్లకొకసారి, అదీ గీతలు కనిపిస్తేనే.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్ల కింద బండి పెట్టకండి. రాలిన ఇప్పపూల తీపి రసం ఎండకు పాకంలా అంటుకుంటుంది. దాన్ని గీకొద్దు, తడిగుడ్డ వేసి నానబెట్టి ఎత్తేయండి. పక్షి రెట్టలకూ అదే పద్ధతి, అవి మాత్రం ఆ రోజే పోవాలి. ఆరుబయట నిలిపే బండికి దుమ్ము ఉండగా కవరు కప్పకండి, గాలికి కవరు కదిలి ఆ దుమ్మునే రంగు మీద రుద్దుతుంది. మైక్రోఫైబర్ గుడ్డలను ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి, కంఫర్ట్ లాంటివి వేయకండి.

దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు పసుపు కుంకుమ బొట్లు రంగు మీద కాకుండా అద్దం మీద గానీ నంబరు ప్లేటు మీద గానీ పెట్టుకోండి. లేత రంగు బండ్ల మీద పసుపు మరక వారాల తరబడి వదలదు. దిష్టి తీసిన నిమ్మకాయ రసం, కొబ్బరి నీళ్లు బానెట్ మీద చిందితే పూజ అయిన వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.